కొవ్వు మాత్ర

యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరాలు తెలియవు. అందుకే ఇది ఇంతకుముందు రాయలేదు. అక్షరాలు వచ్చాక కూడా రెండేళ్ళు భయంతో గడిచిపోయాయి.

మాది పుంగనూరు దగ్గర పల్లె. మా ఇంటాయన బక్కపలచటి మనిషి. శెనక్కాయ మూట భుజానికెత్తుకుంటే మూటే నడిచి వస్తున్నట్టుండేది. అలాంటి మనిషికి గుండెపోటు వచ్చింది. మదనపల్లె ఆసుపత్రిలో స్టెంటు వేసి, వారం ఉంచుకుని పంపారు. మందుల షాపాయన ఒక్కొక్క మాత్రల అట్ట చేతికిస్తూ చెప్పాడు.

"ఇది రక్తం గడ్డకట్టకుండా. ఇది బీపీకి. ఈ తెల్లది కొవ్వుకమ్మా, రాత్రి అన్నం తిన్నాక."

మా ఆయన నవ్వాడు. "నాకు యాడుండాదప్పా కొవ్వు? ఉంటే గింటే ఈమెకుండల్ల. దినామూ నాతో కొట్లాడతాది."

అప్పటినుంచి మా ఇంట్లో అది కొవ్వు మాత్ర అయింది. కుప్పంలో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా, "ఏం బావా, కొవ్వు కరిగిందా ల్యాదా?" అని ఆటపట్టించేది.

మూడు నెలలకు ఆయనకు తొడలు, పిక్కలు లాగడం మొదలైంది. మంచం దిగేటప్పుడు గోడ పట్టుకునేవాడు. కరిగించడానికి కొవ్వు దొరక్క ఆ మాత్ర కండను కరిగిస్తోందని నాకు తోచింది. ఆసుపత్రికి పోయి అడగాలనిపించలేదు. ఆ అట్ట తీసి బియ్యం డబ్బా వెనక దాచాను. ఫోన్ చేస్తే డాక్టరు నిలిపేయమన్నాడని ఆయనకు అబద్ధం చెప్పాను. సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోశాను. వంకాయలు నూనెలో తేలేటట్టు వండాను. కాళ్ళ నొప్పులు తగ్గాయి. ముఖం తేటపడింది. మనిషిని నేనే కాపాడుకున్నాననుకున్నాను. చెల్లెలికి ఫోన్‌లో గొప్పగా చెప్పాను.

"డాక్టరే నిలిపేసినాడు. సన్నగుండేవాళ్ళకు ఆ మాత్ర యాల? మనిషిని తినేస్తాది."

మరుసటి ఏడు శెనక్కాయ పీకే రోజుల్లో ఆయన చేలో కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

తిన్నాక మాత్ర కోసం అరచెయ్యి చాపడం ఆయన అలవాటు. మాత్ర నిలిపేశాక కూడా కొన్నాళ్ళు చాపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకునేవాడు. ఇప్పటికీ నేనొక్కదాన్నే తిని కంచం ఎత్తబోతే ఆ చెయ్యి అక్కడుంటుంది. దానికి తగలకుండా కంచం పక్కనుంచి తీస్తాను.

సాయంత్రాలు ఆ ఇంట్లో గడవక, ఊళ్ళో ఆడవాళ్ళకు పెట్టిన చదువు తరగతికి పోయాను. బస్సు బోర్డు మీద మదనపల్లె అని చదవడం వచ్చింది. వత్తులు నేర్పే రోజు టీచరమ్మ నల్లబల్ల మీద మూడు మాటలు రాసింది. పువ్వు, నవ్వు, కొవ్వు. రెండు రాశాను. మూడోదానికి చెయ్యి కదల్లేదు.

"యాల నిలిపేస్తివమ్మా? వత్తు రాలేదా?"

"వత్తు వచ్చిందమ్మా," అన్నాను.

ఆ తరగతికే ఒక రోజు నర్సమ్మ వచ్చింది. ఆ మాత్ర రక్తంలో ఉండే కొవ్వుకని, అది పైకి కనిపించదని, బక్కవాళ్ళకూ ఉంటుందని చెప్పింది. కాళ్ళు లాగితే డాక్టరుకు చెప్పాలట. మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే మాత్ర ఇస్తారు. మనంతట మనం ఆపకూడదు. అందరితోపాటు నేనూ తలూపాను. వేసుకుని ఉంటే ఆయన బతికేవాడా అని మాత్రం అడగలేకపోయాను. అది ఎవరూ గట్టిగా చెప్పలేరని తర్వాత తెలిసింది. చెల్లెలికి అప్పుడే ఫోన్ చేయవలసింది. చేయలేదు.

పోయిన నెల ఒక సాయంత్రం చెల్లెలే చేసింది. అంతకు రెండు నెలల ముందు ఆమెకూ గుండెకు స్టెంటు వేశారు.

"అక్కా, నాకూ ఆ కొవ్వు మాత్రే రాసినారు. నువ్వు సెప్పింది గ్యాపకముండాది. నెలనుంచీ వేసుకోలే. ఇంట్లో ఎవురికీ సెప్పలే."

"ఈ పొద్దు వేసుకో."

"యాలక్కా? బావకు డాక్టరే నిలిపేసినాడని నువ్వే అంటివే."

"పొద్దన్నే వస్తాండాను. నువ్వు మాత్రం వేసుకో," అని పెట్టేశాను.

మరునాడు పొద్దున మొదటి బస్సెక్కాను. కుప్పంలో ఇంటికి చేరేసరికి చెల్లెలు ఉప్మాకు రవ్వ వేయిస్తోంది. కూర్చోమంది. నిలబడే చెప్పాను.

"డాక్టరు నిలపలేదు. నేను నిలిపినా. ఆయనకు అబద్ధం సెప్పినా. నీకూ సెప్పినా."

ఆమె స్టవ్ ఆర్పింది.

"బావకు తెలుసునా?"

"తెలీదు."

చీర మార్చుకుని వచ్చింది. ఇద్దరం ఆటోలో ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆమె నెల రోజులు మాత్ర వేసుకోలేదని, అందుకు కారణం నేనేనని, ఆమె నోరు తెరవకముందే నేను చెప్పాను.