లింగ్‌హోల్ట్ బొడిపెల చేను

ఆల్దిస్ లింగ్‌హోల్ట్ కమతానికి కోడలిగా వచ్చినప్పుడు ఆమె సామానంతా ఒక పెట్టె, ఒక పొడుగు పిడి కొడవలి. పెట్టెలో ఏముందో ఎవరూ అడగలేదు. కొడవలిని మాత్రం మామగారు చేతిలోకి తీసుకుని, అంచును బొటనవేలితో తడిమి, "పనికొస్తుంది" అన్నాడు. ఆ మాట కొడవలి గురించి అన్నాడో కోడలి గురించి అన్నాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

పని అంటే గడ్డి కోయడమే. ఉత్తర ఐస్‌లాండ్ లోయల్లో ఎండాకాలం కోసి ఆరబెట్టిన గడ్డి మీదే శీతాకాలమంతా గొర్రెలూ ఆవూ బతకాలి. లింగ్‌హోల్ట్ ఇంటి ముందున్న చేనంతా బొడిపెలు. చలికి నేలలో నీరు గడ్డకట్టి మట్టిని పైకి తోస్తుంది. వందల ఏళ్ళుగా అలా తోసీ తోసీ, మోకాలెత్తు ఉబ్బులు ఒకదాన్నొకటి రాసుకుంటూ లేచాయి. అలాంటి చోట కొడవలిని ఒక్క ఊపున లాగడానికి వీల్లేదు. నెత్తిన గీయాలి, పక్కలు గీయాలి, మధ్య గుంటలోకి కొడవలి ముక్కు దూర్చి గీకాలి.

మామగారికి ఆ బొడిపెలంటే ప్రాణం. "చదును చేస్తే గడ్డి తగ్గిపోద్ది. బొడిపెకి నెత్తినా గడ్డే, చుట్టూ గడ్డే. పళ్ళెం కన్నా బోర్లించిన గిన్నెకి ఒళ్ళెక్కువ కదా!" అనేవాడు. ఆ లెక్క పట్టుకుని నలభై ఏళ్ళు నడుము విరగ్గొట్టుకుని పోయాడు. ఆయన్నొక్కణ్ణే అనడం అన్యాయం. ఆ రోజుల్లో లోయలో సగం మంది అదే నమ్మేవారు, కొడవలి పట్టని పాస్టరుగారు అందరికన్నా గట్టిగా నమ్మేవాడు.

పందొమ్మిది వందల యాభై రెండో సంవత్సరం శరత్కాలంలో కొండ మీది గొర్రెల్ని కిందికి తోలుతుండగా గుర్రం జారిపడి, దాని కింద ఆల్దిస్ భర్త స్కూలి తుంటి నలిగింది. ఆస్పత్రి నుంచి చేతికర్రతో ఇంటికొచ్చాడు. ఇక గుర్రపు కోతయంత్రం సీటు మీద కూర్చుని కోయగలడు గానీ, బొడిపెల మధ్య నిలబడి కొడవలి తిప్పలేడు. కోతయంత్రం బొడిపెల మీద నడవదు. చేను చదునైతే లింగ్‌హోల్ట్‌లో ఉంటారు, కాకపోతే అమ్ముకుని సముద్రపొడ్డు ఊళ్ళో చేపల ఫ్యాక్టరీకి పోతారు. ఇంట్లో ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు.

సాగు సంఘం వారి ట్రాక్టరు ఒక్కో కమతానికి మూడేళ్ళకోసారి వచ్చి రెండు రోజులుంటుంది. వెనక బండి మీద రెండు పనిముట్లే పడతాయి కాబట్టి, ఏవి కావాలో రైతు ముందే రాసి పంపాలి. అందరూ కళ్ళు మూసుకుని రోటవేటరు రాసేవారు. అది బొడిపెల్ని చితక్కొట్టి రెండు రోజుల్లో నేలను పిండి చేస్తుంది. ఆ వారమే విత్తనం చల్లుకుంటే ఎండాకాలం దాటకముందే చేను పచ్చబడుతుంది.

ఆల్దిస్ మాత్రం ఏప్రిల్‌లో ఒక కర్ర పట్టుకుని పక్క కమతం కొల్బేన్ చేలోకి వెళ్ళింది. అతను మూడేళ్ళ కిందట రోటవేటరు తోలించి, లోయంతా తిరిగి గొప్పలు చెప్పుకున్నవాడు. దూరానికి చేను బాగానే ఉంది. నడిస్తే కాళ్ళకి తెలిసింది. పాపాయి చిగుళ్ళలో పళ్ళు వచ్చే ముందు తగిలినట్టు, అక్కడక్కడా గట్టి ఉబ్బులు. కర్ర గుచ్చితే జానెడు లోతులోనే నీళ్ళు. పై మట్టిని పిండి చేశారు, కింద నీటిని వదిలేశారు. చలి తన పని మళ్ళీ మొదలుపెట్టింది.

"ఎప్పట్నుంచి ఉబ్బుతోంది?" అని అడిగింది.

"ఏం ఉబ్బట్లేదే. నీ బూటు మడమ అరిగి ఉంటుంది, చూసుకో" అన్నాడు కొల్బేన్, తన చేను వైపు చూడకుండా.

ఇంటికొచ్చి కాగితం మీద రెండే రాసింది: నాగలి, పళ్ళేల గొర్రు. ముందు కాలవ తవ్వి నీరు తీసేయాలి. నాగలితో బొడిపెల్ని వేళ్ళతో సహా తిరగెయ్యాలి. వరసగా ఇనప పళ్ళేలు గుచ్చిన ఆ గొర్రుతో పెళ్ళల్ని అడ్డంగా కోసి, శీతాకాలమంతా అణగనిచ్చి, వచ్చే వసంతంలో విత్తాలి.

"అయితే ఈ ఏడు ఆ చేలో గడ్డిపరక రాదు" అన్నాడు స్కూలి.

"రాదు. కొండవాలులో కోస్తా."

"ఒక్కదానివే?"

"నువ్వు కాఫీ తెచ్చిపెట్టు."

మే నెలలో నేల లోపలి దాకా కరగగానే పార తీసుకుంది. వాగు దాకా కాలవ తవ్వడానికి మూడు వారాలు పట్టింది. అరచేతులు పగిలి, మానిన చోటే మళ్ళీ పగిలాయి. ఆ మూడు వారాలూ స్కూలి కిటికీ దగ్గర కూర్చున్నాడు.

లోయ మొత్తానికీ టెలిఫోను తీగ ఒకటే. ఎవరికి ఫోనొచ్చినా అన్ని ఇళ్ళలోనూ మోగుతుంది, అందరూ ఎత్తి వింటారు. విన్నామని మాత్రం చచ్చినా ఒప్పుకోరు. అక్కడి మర్యాద అది. జూన్ మొదటి వారంలో ఆల్దిస్ ఒక్కతే ఇంట్లో ఉండగా కొల్బేన్ వచ్చి నాలుగు కప్పులు కాఫీ తాగాడు. గొర్రెపిల్లల గురించీ వాన గురించీ మాట్లాడాడు. లేవబోతూ, "నా దగ్గర గుర్రాలకి కట్టే పాత పళ్ళేల గొర్రు ఒకటి తుప్పు పడుతోంది. వచ్చే వసంతంలో ఎవరన్నా వాడుకుంటే దానికీ మంచిదే" అన్నాడు.

"నాకెందుకు? సంఘం పంపుతోందిగా."

కొల్బేన్ ఖాళీ కప్పులోకి చూశాడు. "కాఫీ బాగుంది, ఆల్దిస్" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వారం తరవాత ట్రాక్టరు వచ్చింది. బండి మీద నాగలి ఉంది. దాని పక్కన రోటవేటరు ఉంది. గొర్రు లేదు.

"ఇదేంటి?" అంది.

డ్రైవరు మార్టేన్ తల గోక్కున్నాడు. "స్కూలి ఫోన్ చేసి మార్పించాడుగా. నీకు తెలీదా?"

కొల్బేన్ నాలుగు కప్పుల కాఫీ ఎందుకు తాగాడో అప్పుడు అర్థమైంది. ఆ కబురు లోయంతా విన్నది, తను తప్ప. కబురు వెళ్ళిన పూట తను కాలవలో ఉండుంటుంది.

వంటింట్లోకి వెళ్ళేసరికి స్కూలి లేచి నిలబడి ఉన్నాడు. కొట్టించుకోవడానికి సిద్ధమైనవాడిలా.

"రేక్యావిక్ నుంచి ఒకాయన సెప్టెంబరులో కమతం చూడ్డానికొస్తాడు. చేలు చదునుగా ఉన్నాయా అని రాశాడు. రోటవేటరు తోలిస్తే అప్పటికి పచ్చగా, బల్లలా ఉంటుంది" అన్నాడు.

"రెండేళ్ళలో మళ్ళీ లేస్తాయి."

"అప్పటికి మనం ఇక్కడుండం."

ఆల్దిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "తెలిసే చేశావన్నమాట. ఆ మనిషి నేను తవ్విన కాలవ గట్టు మీద నిలబడి, ఇద్దర్నీ కలిపి తిడతాడు. నేను పడను ఆ తిట్టు."

"మరి నన్నేం చెయ్యమంటావ్? నువ్వు కాలవ తవ్వుతుంటే మూడు వారాలు కిటికీలోంచి చూశా. ఎండాకాలమంతా నువ్వు కోస్తుంటే కూడా చూస్తూ కూర్చోనా? నా వల్ల కాదు, ఆల్దిస్." పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో అతను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు.

ఆమెకు కోపమూ వచ్చింది, జాలీ వచ్చింది. కోపమే ముందు నోరు తెరిచింది.

"నాకు మాత్రం సరదానా? ఒక్క ఏడు ఓర్చుకో. ఆ తరవాత సీటు మీద కూర్చుని బతికినంత కాలం నువ్వే కోద్దువుగాని. నేను కోయను ఇక, చెప్తున్నా."

సమాధానం కోసం ఆగకుండా బయటికెళ్ళి, "రోటవేటరు దింపొద్దు. రెండు రోజులూ నాగలే" అంది.

"గొర్రు లేకుండా?" అన్నాడు మార్టేన్. "ఆ పెళ్ళలు ఆవుల్లా పడుంటాయి. పోనీ, పైపైన ఒక్కసారి దీన్ని తిప్పుతా, చూడ్డానికన్నా బాగుంటుంది."

"చూడ్డానికి వద్దు. వసంతంలో కొల్బేన్ గొర్రు ఉంది."

నాగలి దిగింది. మొదటి బొడిపె విరిగి, తెల్లటి వేళ్ళు పైకి తేలి బోర్లా పడింది. స్కూలి కర్ర పట్టుకుని వచ్చాడు. ఇంటి నుంచి చేను చివరికి ఆల్దిస్ అడుగులతో నూటయాభై. అతనికి అరగంట పట్టింది. దున్నని వైపు ఒక బొడిపె మీద కూర్చుని, రెండు రోజులూ అక్కడే ఉన్నాడు. చాలు వంకరపోతే కర్ర ఎత్తి మార్టేన్‌ని కేకలేశాడు. మార్టేన్ అతన్ని తిట్టుకుంటూనే చాలు సరిచేసుకున్నాడు.

ట్రాక్టరు వెళ్ళిపోయేసరికి చేను నల్లగా, పెళ్ళలు పెళ్ళలుగా, చూడ్డానికి మునుపటికన్నా అధ్వాన్నంగా ఉంది. రాత్రి భోజనంలో ఉప్పు చేపా బంగాళాదుంపలూ తిన్నాక స్కూలి కాగితం, కలం తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. రేక్యావిక్ ఆయనకి ఉత్తరం. చాలాసేపు రాశాడు గానీ, కాగితం మీద ఉన్నవి రెండు వాక్యాలే.

గిన్నెలు కడుగుతున్న ఆల్దిస్ వెనక్కి తిరగకుండానే అడిగింది. "నిజం రాశావా? బొడిపెలు పెళ్ళలుగా పడున్నాయనీ, వచ్చే ఏడుదాకా గడ్డి రాదనీ?"

"లేదు."

ఆమె చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

"అమ్మట్లేదని రాశా" అన్నాడు స్కూలి. "ఇంక మన బొడిపెలతో ఆయనకేం పని?"