నేను తినని ముద్ద

మధ్యాహ్నం కొత్తకోట బస్టాండులో మహబూబ్‌నగర్ బస్సు కోసం కూర్చున్నాను. పక్కన భార్యాభర్తలు సద్దిగిన్నె విప్పారు. అతను చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లగానే, ఆమె కొంగు ముడిలోంచి తెల్లటి మాత్ర తీసి, మూతలో నలిపి, పెరుగన్నంలో కలిపేసింది. తలెత్తితే నేను చూస్తున్నాను.

"దవాఖానల ఇచ్చిన గోలీ, తమ్మీ. ఆయనకు మనసు మంచిగుండదు. చెప్పి ఇస్తే పెట్టుడుమందు పెడ్తున్నవని మీదికొస్తడు. జర చెప్పకు," అంది.

అతను వచ్చి అన్నం వాసన చూశాడు. నావైపు తిరిగాడు. అంత భయపడిన కళ్లు నేనెప్పుడూ చూడలేదు.

"గీడనే ఉన్నవు గద తమ్మీ. దీన్ల ఏమన్న కలిపిందా?"

"లేదన్నా. నేను చూస్తనే ఉన్న."

"అయితే ముందుగాల నువ్వొక ముద్ద తిను."

మా వైపు సద్ది విప్పినవాళ్లు పక్కవాళ్లను తినమంటారు. వద్దు వద్దంటూనే ఒక ముద్ద తీసుకుంటాం. ఆ రోజు మాత్రం, కడుపు మాడిపోతున్నా, "ఇప్పుడే తినొచ్చిన అన్నా," అన్నాను.

అతను నా మాట మీద గిన్నె ఊడ్చి తిన్నాడు.

నా బస్సొచ్చింది. కిటికీలోంచి చూస్తే, అతను ఆమె భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాడు. ఆమె నాకు దండం పెట్టింది.

నిజంగా దవాఖాన గోలీయే అయితే ఒక్క ముద్దకు నాకేమయ్యేది? ఆమెను నమ్మినందుకే అబద్ధమాడానని ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాను. నమ్మి ఉంటే ఆ ముద్ద తినేవాణ్ని.