వీపు తిప్పిన నక్క

వీధిలో పిల్లలు ఆయన్ని నక్క తాత అంటారు. ఆయనకది బిరుదుతో సమానం. కూరల సంచి ఊపుకుంటూ వస్తుంటే ఏదో ఒక కిటికీలోంచి "నక్క తాతా, ఒక్కసారి!" అని కేక పడుతుంది. ఆయన అటూ ఇటూ చూసి, పెద్దవాళ్ళెవరూ లేరని రూఢి చేసుకుని, గొంతులో గులకరాళ్ళు దొర్లిస్తాడు.

"బాతూ... ఓ నా బంగారు బాతూ... ఇవాళ నువ్వు నా కడుపులో ఈత కొడతావు!"

కిటికీలన్నీ కిలకిలమంటాయి. ఆ ఊపులో సంచిలోంచి ఓ టమాటా రోడ్డు మీద పడి దొర్లుతుంది. ఆయన దాని వెంట పరుగెడతాడు. పిల్లలకు అదింకో కార్టూన్.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది. వయసులో ఉండగా బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చదివేవాడు. ఆయన చదివితే పక్కూరి బస్సు కూడా పాతాళానికి బయల్దేరుతున్నట్టుండేది. చంకలో పిల్లలు గుక్కపట్టేవాళ్ళు. "ఇంత భయంకరమైన గొంతు బస్సుల పాలు చేస్తున్నావేంటయ్యా!" అని ఓ ప్రయాణికుడు చెయ్యి పట్టుకుని డబ్బింగ్ స్టూడియోకి లాక్కెళ్ళాడు. అప్పట్నుంచీ దయ్యాలు, తాగుబోతులు, విలన్ పక్కన నిలబడి "అలాగే బాస్" అనేవాళ్ళు, అందరికీ ఆయన గొంతే. జుట్టు పూర్తిగా నెరిశాక ఓ టీవీ కార్టూన్లో ఈ నక్క వేషం దొరికింది. "నిజంగానే నక్క తోక తొక్కాను" అని తన జోకుకు తనే నవ్వుకునేవాడు.

కార్టూన్ ఎక్కడో ఏ దేశంలోనో గీసింది. రోజూ ఒకటే కథ. నక్క బాతును తరుముతుంది. బాతు తప్పించుకుంటుంది. నక్క బండకి గుద్దుకుని అట్టముక్కలా పలచనవుతుంది, గాలికెగిరి కొమ్మకి వేలాడుతుంది, మళ్ళీ లావెక్కి కింద పడుతుంది. చివరికి ఖాళీ కడుపుతో వీపు తిప్పి, పొద్దుగుంకే కొండ మీదికి నడిచి పోతుంది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతారు.

ఆయన కూతురికో కూతురు. ఐదేళ్ళది, ఇంట్లో పిడుగు అంటారు. సాయంత్రం కార్టూన్ వస్తున్నంతసేపూ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించడం తాత పని. ఒకరోజు ముద్ద నోటి దగ్గరికి రాగానే పెదాలు బిగించింది.

"తాతా, నక్క ఇవాళ తిందా?"

"ఎక్కడ తింది? చూశావుగా, కొమ్మకి వేలాడింది."

"నిన్న?"

"నిన్నా లేదు."

"మరి చచ్చిపోదా?"

"కార్టూన్లో ఎవరూ చావరు తల్లీ."

"అంటే రోజూ ఆకలేస్తుంది, చచ్చిపోదు. అంతేనా? ఎప్పటికీ?"

ఇన్నాళ్ళూ ఆ నక్క నోట్లో కాపురమున్న తాత, దాని కడుపులోకి ఒక్కసారీ తొంగి చూడలేదు.

"పోనీ, బాతుని తినేయనా?" అన్నాడు, మహా తెలివిగా.

పిడుగు కళ్ళు చెరువులైపోయాయి. "బాతేం చేసింది?"

నక్క తినేదాకా తనూ తినదట. ఆ రాత్రీ, మర్నాడు రాత్రీ పాలు తాగి పడుకుంది.

"నాన్నా, నీ నక్క మూలంగా నా పిల్ల ఎండిపోతోంది!" వంటింట్లోంచి కూతురు గరిటెతో సహా వచ్చింది. "ఏదో ఒకటి చెయ్యి."

"నేనేం చెయ్యనే? గీసింది నేనా?"

"అరిచేది నువ్వేగా!"

అదీ నిజమే అనిపించింది.

డబ్బింగులో ఓ చిన్న సందుంది. బొమ్మ మొహం కనబడుతున్నంతసేపూ దాని పెదాలు కదిలినట్టే మాట పడాలి, చీమంత కూడా తేడా రాకూడదు. కానీ బొమ్మ వీపు తిప్పిందా, పెదాలు కనబడవు. ఆ కాస్తసేపూ గొంతిచ్చేవాడిదే రాజ్యం. "వీపు దొరికింది" అంటారు. పాతకాపులు అక్కడో దగ్గో, కూనిరాగమో పడేస్తారు. గాజు అద్దానికి అవతల కూర్చున్న రికార్డింగ్ సారు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

మర్నాడు నక్క కొండెక్కుతూ వీపు తిప్పగానే తాత గొణిగాడు. "పోతే పోయింది. ఇంట్లో బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి."

అది టీవీలో వచ్చిన సాయంత్రం చూడాలి. పిడుగు ఒళ్ళోంచి లేచి గంతులేసింది. "నక్కకి దుంపలు! నక్కకి దుంపలు!" తను రెండుసార్లు పెట్టించుకుని తింది. మర్నాటికి వీధంతా అదే పాట. కిటికీల్లోంచి దుంపలే దుంపలు. తాత ఆ వీధిలో నడవలేదు, తేలాడు.

కానీ ఆ మర్నాటి సాయంత్రం బాతు వెనక నక్క పరుగందుకోగానే పిడుగు మెల్లిగా అడిగింది.

"తాతా, ఇంట్లో దుంపలున్నాయిగా?"

"బోలెడు!"

"మరి బాతుని ఎందుకు తరుముతోంది?"

తాత గబగబా ఇంకో ముద్ద కలిపి అందించాడు. పిడుగు మొహం తిప్పుకుంది.

"అప్పుడు ఆకలేసి తరిమింది, పాపం. ఇప్పుడు ఆకల్లేదుగా. బాతు ఏడుస్తోందిగా. మరెందుకు?"

టీవీలోంచి ఆయన గొంతే వినబడింది. ఓ నా బంగారు బాతూ. ఎన్నేళ్ళుగానో జనాన్ని భయపెట్టి బతికినవాడికి మొదటిసారి ఆ గొంతు విని ఒళ్ళు జలదరించింది. పిడుగు ఒళ్ళోంచి జారి, వెళ్ళి వాళ్ళమ్మ కొంగు వెనక నిలబడింది. అక్కణ్ణుంచి ఒక కన్నుతో తాతని చూసింది. అమ్మ చేత్తో తింటుందట. తాత చేత్తో వద్దట.

మర్నాడు స్టూడియోలో బాతక్కకి చెప్పుకున్నాడు. బాతుకి గొంతిచ్చే ఆవిడ, ఒకప్పుడు లెక్కల టీచరు, మనిషి భారీ. గొంతు మాత్రం ఈకంత.

"జాలిపడి దుంపలు పెట్టావు, ఆకలిగొన్నవాణ్ణి హంతకుణ్ణి చేశావు. శభాష్ తమ్ముడూ!"

"నవ్వకక్కా. పిల్ల నా ఒళ్ళోకి రావడంలేదు."

"అయితే తరమడం మానిపించు."

"మొహం గీసినవాళ్ళది. గీసినట్టు తరమక తప్పదు. నాకున్నది వీపొక్కటే."

"వీపుంటే తక్కువా?" అని బాతక్క తన వంతు క్వాక్ క్వాక్‌లు చెప్పడానికి మైకు ముందుకెళ్ళింది.

ఆయన వంతొచ్చింది. తెర మీద బాతు చెరువులోకి దూకింది. నక్క బురదలో బోర్లాపడింది. లేచింది. వీపు తిప్పింది. ఆ వీపుని తాత మొదటిసారి ఊరికే చూశాడు. భుజాలు కిందికి దిగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ అది దిగులనుకున్నాడు. మోస్తున్న బరువు దింపినప్పుడూ భుజాలు అలాగే దిగుతాయి కదా. ముందు ఎర్రటి సూర్యుడు, పండిన పండులా, ఎవరూ కొరకనిది.

"హమ్మయ్య," అన్నాడు. గులకరాళ్ళు లేవు. మనవరాలిని జోకొట్టే గొంతది.

అద్దం అవతల సారు చెయ్యెత్తాడు. "ఏంటి పెద్దాయనా? బాతు తప్పించుకుంటే హమ్మయ్య ఏంటి?"

"తప్పించుకుంది కాబట్టే సార్."

సారు పెన్ను నోట్లో పెట్టుకుని తెర వంక చూశాడు. వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాడు. "మళ్ళీ చెప్పండి. సరిగ్గా వినబడలేదు, కొంచెం గట్టిగా."

అది టీవీలో వచ్చిన సాయంత్రం పిడుగు కొంగు వెనకే ఉంది. తాత కంచం ఒళ్ళో పెట్టుకుని, టీవీ వైపు చూస్తున్నట్టు నటిస్తూ, చెవులు మాత్రం వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. నక్క తరిమింది. బాతు దూకింది. బురద. వీపు. హమ్మయ్య.

వెనక నుంచి చిన్న పాదాల చప్పుడు. కంచం పక్కకి జరిపి పిడుగు ఒళ్ళోకెక్కింది, మెడ వెనక్కి వాల్చి నోరు తెరిచింది, పిట్టపిల్లలా. ముద్ద లోపలికెళ్ళింది. తాతకి గాల్లో తేలినట్టుంది. ఇంకో ముద్ద కలిపాడు.

"తాతా," అంది, బుగ్గలో ముద్ద పెట్టుకుని. "తను దొరక్కపోతేనే నక్కకి ఇష్టమని బాతుకి తెలుసా?"

"ఎలా తెలుస్తుంది? అది దూకేసిందిగా."

"తెలీకపోతే దానికి రోజూ భయమేగా."

తాత ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఎడం చేత్తో ఫోను తీశాడు.

"బాతక్కా, అన్నం తింటున్నావా? ఏంలేదు... రేపు నీకెక్కడైనా వీపు దొరుకుతుందేమో చూడు."