పిన్ని కెలికిన కవరింగ్ లెటర్

మా పిన్నికి జరిగిన అన్యాయం ఆమె చేతిరాత వల్ల జరిగింది. అది మరీ బాగుండేది.

లిఫ్టులు బిగించి, చెడిపోతే బాగుచేసే కంపెనీ ఒకటి సర్వీసు డెస్కుకి మనిషి కావాలని ప్రకటన ఇచ్చింది. ఏ బిల్డింగులో లిఫ్టు ఆగిందో ఫోన్లో విని, ఏ మెకానిక్కు ఎక్కడికి వెళ్ళాలో చెప్పే పని అది. యజమానిని అందరూ పెద్దసారు అనేవారు. ఆయనకి ఒక పిచ్చి ఉంది. కవరింగ్ లెటర్ ఎవరిది వాళ్ళు చేత్తో రాసి పంపాలి. టైపు చేసింది ఎంత చదివినవాడిదైనా చెత్తబుట్టలోకే. రాత చూస్తే మనిషి లోపల ఏముందో తెలిసిపోతుందని ఆయన నమ్మకం. చేతిలో కంపెనీ ఉన్నవాడి నమ్మకాన్ని కాదనేవాళ్ళు ఎవరుంటారు?

అప్పటికి పెళ్ళి కాని పిన్ని, తన ఇంటి లిఫ్టు ఎందుకు అస్తమానం ఆగుతుందో, ఆగితే మెకానిక్కు ఎందుకు ఆలస్యంగా వస్తాడో గమనించినవన్నీ పేజీ నిండా రాసి పంపింది. పెద్దసారు ఆ కాగితం చూసి కుర్చీలోంచి లేచాడట. ఆఫీసంతా తిరిగి చూపించాడట. ముత్యాలు పేర్చినట్టుందని అందరూ అన్నారు. ఒక్కరూ చదవలేదు.

"ఇంత చక్కటి చెయ్యి. దీన్ని ఫోన్లు ఎత్తడానికి పాడుచేస్తామా అమ్మా," అని ఆయన ముందు గదిలో బల్ల చూపించి, కవర్ల మీద చిరునామాలు రాసే పని అప్పగించాడు. సర్వీసు డెస్కులో ఇంకొకాయన్ని కూర్చోబెట్టాడు. ఆ మనిషి ఎవరు ఫోన్ చేసినా "రేపు చూద్దామండి" అనేవాడు. కొన్నాళ్ళకి ఆయన పేరే రేపుసారు అయిపోయింది.

పిన్ని లెటరు మాత్రం పెద్దసారు బల్ల మీది అద్దం కిందికి చేరింది. వచ్చినవాళ్ళకి వేలు పెట్టి చూపించేవాడు. చూపించడం అయ్యాక దాని మీదే టీ గ్లాసు పెట్టేవాడు.

మా ఇంట్లో ఆమెకి కవర్ల పిన్ని అని పేరు పడింది. మిగతా పిన్నులకి నగలుండేవి, చీరలుండేవి, మా పిన్నికి గోళ్ళ కింద సిరా ఉండేది. నోరు కూడా ఉండేది. చిరునామాలు రాయడంతో పాటు కంపెనీకి వచ్చే అర్జీలు విప్పి పెద్దసారు ముందు పెట్టడం కూడా ఆమె పనే కాబట్టి, ఆమె చదివినన్ని కవరింగ్ లెటర్లు మా వీధిలో ఎవరూ చదవలేదు. నేను ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఆమె దగ్గర కూర్చుంటే అవన్నీ వినిపించేది.

"అందరూ ఒకటే రాస్తారురా. నేను కష్టపడతాను, నేను నిజాయితీపరుణ్ణి, నాకు చిన్నప్పటి నుంచి లిఫ్టులంటే ప్రాణం. ఎవడికిరా చిన్నప్పటి నుంచి లిఫ్టులంటే ప్రాణం?"

"మరి ఏం రాయాలి పిన్నీ?"

"వాళ్ళ తలనొప్పి ఎక్కడుందో రాయాలి. నీ దగ్గర మాత్ర ఉందని రాయాలి. మాత్ర లేకపోతే లేదని రాయాలి. అంతే."

బాబాయి దర్జీ. మిషను తొక్కడం మానేసి మోటారు పెట్టించుకున్నాడు కాబట్టి కాళ్ళు ఖాళీ, నోరు అంతకన్నా ఖాళీ. "కవరింగ్ లెటర్ అంటే కవరింగ్ గొలుసు లాంటిదే," అనేవాడు. "కొన్న రోజు మెరుస్తుంది, చెమట తగిలితే నల్లబడుతుంది."

"నా మెడలో మీరు వేసిన గొలుసు గురించేనా," అనేది పిన్ని. బాబాయి వెంటనే సూదిలో దారం ఎక్కించే పనిలో పడిపోయేవాడు.

రేపుసారు ఒకరోజు ఉద్యోగమే మానేశాడు. ఎందుకు మానేస్తున్నాడని అడిగితే రేపు చెప్తానన్నాడట. డెస్కు ఖాళీ అయింది. పిన్ని పెద్దసారు గదిలోకి వెళ్ళి ఆ పని తనకిమ్మని నేరుగా అడిగింది.

"నీకా? మరి కవర్లు ఎవరు రాస్తారమ్మా," అన్నాడాయన. "ప్రకటన ఇచ్చెయ్. చేత్తో రాసి పంపమని మర్చిపోకుండా వెయ్."

ఆ సాయంత్రం పిన్ని ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చుంది. ఆ కుర్చీలో ఈసారి కూర్చునేవాడు కుర్రవాడైతే, పిన్ని రిటైరయ్యేదాకా కదలడు. అంటే తన బతుకంతా కవర్ల మీదే తెల్లారిపోతుంది. ఆ మాట తనే అంది. తరవాత నవ్వింది. ఆ నవ్వు చూసి బాబాయి మిషను ఆపాడు.

"నేనూ అర్జీ పెడతాను," అంది.

"నీ రాత ఆయనకి అద్దం కింద రోజూ కనిపిస్తూనే ఉంది కదే. చూడగానే పట్టేస్తాడు. మళ్ళీ ముత్యాలంటాడు, మళ్ళీ చదవడు."

"అందుకే కోడిగీతలు రాస్తాను."

"నేను రాసిపెట్టనా? నా రాత నాకే అర్థం కాదు."

"వద్దు. సొంత చేత్తో రాయాలని రూలు. నేను అబద్ధం ఆడను. కెలుకుతాను."

అనుకున్నంత తేలిక కాలేదు. ఎడమ చేత్తో రాస్తే అక్షరాలు కాస్త సిగ్గుపడి ఒదిగాయి తప్ప వికారం కాలేదు. కళ్ళు మూసుకుని రాస్తే గీతలు కూడా తప్పలేదు. పాడు చెయ్యి, అలవాటు పడిపోయింది. చివరికి బాబాయి తన బల్ల మీద గుడ్డలు పక్కకి తోసి, కాగితం అక్కడ పెట్టమన్నాడు. పిన్ని పెన్ను పట్టుకుంది. ఆయన మిషను మోటారు నొక్కాడు. బల్ల గడగడలాడింది. నేను కాగితం కదలకుండా పట్టుకున్నాను. పిన్ని పెదాలు బిగించి రాస్తుంటే గుడిదీర్ఘాలు తోకలు పెంచుకున్నాయి, ఒత్తులు పక్క లైన్లోకి జారిపోయాయి, తలకట్లు ఎగిరి ఎక్కడో పడ్డాయి.

"కాస్త మెల్లగా నడపండి, పెద్దసారు బొత్తిగా చదవలేడు."

"ఇది పాంటు కుట్టే స్పీడు. జాకెట్టు స్పీడు పెట్టనా, అది నెమ్మది?"

"జాకెట్టు పెట్టండి."

కింద పుట్టింటి ఇంటిపేరుతో రెండు పొడి అక్షరాలు పెట్టింది. మర్నాడు తనే ఆ కవరు విప్పి, మిగతా అర్జీల మధ్యలో దూర్చి, పెద్దసారు బల్ల మీద పెట్టింది.

ఆయన మిగతావన్నీ ఒక్క చూపులో తేల్చేశాడు. వీడి రాత వాలింది, సోమరి. వీడి సున్నాలు పెద్దవి, తిండిపోతు. ఈ ఒక్కటి మాత్రం ఆయన్ని వదల్లేదు. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు, కిటికీ దగ్గర పెట్టి చూశాడు. చివరికి దాన్ని పట్టుకుని ముందు గది గుమ్మంలోకి వచ్చాడు.

"ఇది మనిషి రాసిందా, ఏదైనా నడిచి వెళ్ళిందా? ఒక్క ముక్క అర్థం కావడం లేదు. నువ్వు చదివి పెట్టమ్మా, అక్షరాలు తెలిసినదానివి."

పిన్ని ఆయన వెనకే గదిలోకి వెళ్ళి, నిలబడి చదివింది. తన ఉత్తరం తనే. మధ్యమధ్యలో అర్థం కానట్టు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుందని ఆమే చెప్పింది.

"అయ్యా, మీకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం కొత్త ఫిర్యాదులు కావు. నిన్నటి ఫిర్యాదు గురించి ఇవాళ తిట్టడానికి చేసేవి."

"అది నిజమే," అన్నాడు పెద్దసారు.

"మీ మెకానిక్కు పొద్దున ఊరికి ఆ చివర ఒక లిఫ్టు చూస్తాడు, మధ్యాహ్నం ఈ చివర ఇంకొకటి. సాయంత్రం మళ్ళీ ఆ చివరికే వెళ్ళి, పొద్దున చూసిన బిల్డింగు పక్కది చూస్తాడు. అతను స్క్రూడ్రైవరు కన్నా బండి హ్యాండిలు ఎక్కువ పట్టుకుంటున్నాడు."

ఆయన టీ తాగడం ఆపాడు. "ఎవడు వీడు?"

"ఆస్పత్రి లిఫ్టుకీ బట్టల కొట్టు లిఫ్టుకీ మీరు ఒకటే వరస పెట్టారు. చీర కొనడానికి మెట్లెక్కవచ్చు. స్ట్రెచర్ ఎక్కలేదు. నాకు మోటారు విప్పడం రాదు, లెక్కల్లో తొందరపడతాను. ఎవరిని ముందు ఎక్కడికి పంపాలో మాత్రం తెలుసు. తిట్లు తింటూ కూడా తిన్నగా మాట్లాడగలను. మీ ఆఫీసులో ఫోన్ ఎత్తి సరైన సమాధానం చెప్పేది ముందు గదిలో కూర్చునే ఆవిడ ఒక్కతే."

"చూశావా, నిన్ను కూడా కాకా పట్టాడు," అని నవ్వాడాయన. "గట్టివాడే. చిరునామా ఏం రాశాడు?"

"నన్ను పిలవాలంటే ముందు గదిలో చెబితే చాలు, అని ఉంది సార్."

"అంటే నీకు తెలిసినవాడా?"

"చిన్నప్పటి నుంచి తెలుసు సార్. వాడు కాదు, ఆవిడ."

"ఎవరైతేనేం. ఎంత తొందరగా రాగలదు?"

"ఇప్పుడే రమ్మంటారా?"

"రమ్మను."

పిన్ని కాగితం బల్ల మీద పెట్టి బయటికొచ్చింది. తలుపు మూసింది. జుట్టు సవరించుకుంది. తలుపు తట్టింది.

"లోపలికి రావచ్చు," అన్నాడు పెద్దసారు.

"నమస్కారం సార్. రమ్మన్నారట."

ఆయన ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని మెడ చాచి చూశాడు. ఎవరూ లేరు. కాగితం వైపు చూశాడు, ఆమె వేళ్ళ వైపు చూశాడు. "ఇది నీ రాత కాదే," అన్నాడు.

"నా రాతే సార్. మా ఆయన మిషను మీద పెట్టి రాశాను. నా రాత మీ దగ్గర ఇంకొకటి కూడా ఉంది." పిన్ని టీ గ్లాసు పక్కకి జరిపింది. "ఇది కూడా ఒకసారి చదవండి."

పెద్దసారు అద్దం మీదికి వంగి, ఇన్నేళ్ళుగా ఊరందరికీ చూపించిన ఉత్తరాన్ని మొదటిసారి చదివాడు. వేలు పెట్టి మెల్లగా చదివాడు. చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయని పిన్ని అంటుంది. అది ఆమె కలిపింది కావచ్చు, ఆమెకి కలపడం ఇష్టం.

చివరికి ఆయన అడిగింది ఒక్కటే. "మరి కవర్లు?"

"చిరునామాలు కంప్యూటర్లో ఉన్నాయి సార్, స్టిక్కర్లు వస్తాయి. చేతిరాతే బాగుంటుందని మీరే అవి వద్దన్నారు."

డెస్కు ఇచ్చాడు. ఊరికే ఇస్తే పెద్దసారెందుకవుతాడు, ముందు కొన్నాళ్ళు ట్రైనీగా చేయమన్నాడు. తల నెరిసిన పిన్ని మెడలో ట్రైనీ అని కార్డు వేసుకుని, మా అందరికీ చూపించి, ఇంటికొచ్చినవాళ్ళచేత కూడా చదివించింది. అద్దం కింది లెటరు మాత్రం వెనక్కి రాలేదు. అడిగితే ఆయన అద్దం లేపాడట గాని, టీ చెమ్మకి కాగితం అద్దానికే అతుక్కుపోయింది.

కిందటిసారి కలిసినప్పుడు నేను మరో కంపెనీకి రాసిన కవరింగ్ లెటర్ పట్టుకెళ్ళాను. మంచి కాగితం కొని, గీతలు కొట్టుకుని, పొద్దంతా కూర్చుని రాసిన లెటరు అది. పిన్ని ఒక చెవికి ఫోన్ ఆనించుకుని ఎవరినో ఆస్పత్రికి పంపుతూనే, రెండో చేత్తో నా కాగితం అందుకుంది. కాసేపు చూసి బల్ల మీద పెట్టింది.

"అక్షరాలు మరీ ముచ్చటగా ఉన్నాయిరా. మీ బాబాయి మిషను ఖాళీగానే ఉంది, వెళ్ళి జాకెట్టు స్పీడులో రాసుకురా, అప్పుడు చదువుతాను."