ఆగస్టులో వదిలిన చేప

నా చిన్నప్పుడు మా పెరటికీ ఏటికీ మధ్య ఒక్క చెక్క కంచె ఉండేది. మోంటానా కొండల్లో, మూడు వందల గడప కూడా లేని ఊరు మాది. ఒక కలప మిల్లు, ఒక బడి, ఒక చిన్న ఆసుపత్రి. ఆ ఆసుపత్రికి ఉన్న ఒక్క డాక్టరూ మా నాన్న. తెలుగు మా ఇంటి నాలుగు గోడల మధ్యే వినిపించేది. అమ్మ మటుకు ఊరందరికీ తెలుగు వరసలు కలిపేసింది. పక్కింట్లో మిల్లులో పనిచేసి మానేసిన పెద్దాయనా, ఆయన భార్యా ఉండేవారు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదని, తాతా, మామ్మా అని పిలవమంది. మొదటి వారమంతా నేను ‘తాతా’ అన్నప్పుడల్లా ‘టాటా’ చెప్పి వెళ్ళిపోతున్నాననుకుని ఆయన చెయ్యి ఊపేవారు. తర్వాత అదే తన పేరన్నట్టు పలకడం మొదలుపెట్టారు.

మామ్మ మా అమ్మ కోసం గుడ్డు వెయ్యకుండా బిస్కెట్లు చేసేది. అవి రాళ్ళలా ఉండేవి. అమ్మ వాటిని పాలలో నానబెట్టి నాకు పెట్టేది. ఆవిడతో మాత్రం చాలా బాగున్నాయనే చెప్పేది.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు కొండల మీద మంచు సరిగా పడలేదు. ఎండాకాలం వచ్చేసరికి ఏరు సగానికి సగం చిక్కిపోయింది. మిగిలిన నీళ్ళని ఎగువన పశువులు పెంచేవాళ్ళు తమ గడ్డి పొలాలకు మళ్ళించుకున్నారు. మా ఏటిలో ఉండేవి ట్రౌట్ చేపలు. చల్లటి నీళ్ళు లేకపోతే వాటికి ఊపిరాడదు. అందుకని, ఎప్పుడూ చేపలు పట్టే తాత ఆ ఎండల్లో గాలం ముట్టుకోవడం మానేశారు.

ఆ ఎండాకాలంలోనే మామ్మ మంచం పట్టింది. కడుపులో గడ్డ. నాన్న ఆవిడని మూడు గంటల దూరంలో ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపించారు. వాళ్ళు పది రోజులు ఉంచుకుని ఇంటికి పంపేశారు. నాన్న రోజూ సాయంత్రం వెళ్ళి ఆవిడని చూసి, కంచె దగ్గర తాతతో కాసేపు నిలబడేవారు. మందు మార్చానని, ఇంకో వారం చూద్దామని అనేవారు. ఇంట్లోకి వచ్చాక అన్నం కెలికి లేచిపోయేవారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మామ్మ ట్రౌట్ తినాలనుందని అంది. నాలుగు రోజులుగా ఏమీ ముట్టని మనిషి నోరు తెరిచి అడిగింది. తాత గాలం తీశారు. నేనూ వెంట వెళ్ళాను. రెండు గంటలకి ఒక్క చేప పడింది. ఒంటికి అటూ ఇటూ గులాబీరంగు చార, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. అప్పటిదాకా ఏదీ చచ్చిపోతుంటే చూసినదాన్ని కాదు నేను. ఆయన చొక్కా పట్టుకుని, వదిలెయ్యమని ఏడ్చాను. నీళ్ళు వేడెక్కి ఉన్నాయని, పెనుగులాడి అలిసిపోయిందని, వదిలినా బతకదని ఆయన చెబుతూనే ఉన్నారు. నేను వినలేదు. ఆయన కాసేపు నా మొహం చూసి, దాని నోట్లోంచి గాలపు ముల్లు తీసి, చేపని నా చేతుల్లో పెట్టారు. నీళ్ళలో ప్రవాహానికి ఎదురుగా పట్టుకోమన్నారు. కొంచెంసేపటికి అది తోక ఆడించి నా వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. నేను గెంతుకుంటూ ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం అమ్మ పంపిన చారన్నం మామ్మ రెండు చెంచాలు తిని పక్కన పెట్టేసిందట.

మర్నాడు పొద్దున్నే తాత వచ్చి నన్ను కాసేపు పంపమని అమ్మని అడిగారు. ఇద్దరం ఏటి వెంట దిగువకు నడిచాం. వంపు దగ్గర, రాళ్ళ మధ్య, అది వెల్లకిలా పడి ఉంది. ఒక కన్ను పక్షులు పొడుచుకుపోయాయి. నేను తల తిప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. పక్కన రాయి మీద కూర్చున్నారు.

“ఇది బతకదని నాకు నిన్ననే తెలుసు. నువ్వు ఏడుస్తుంటే చూడలేక నీ చేతికిచ్చాను. అప్పుడే చంపేసి ఉంటే ఒక్క క్షణంలో పోయేది. ఆవిడ ఓ ముద్ద తినేది.”

 లేచి ఇంటివైపు నడుస్తూ మళ్ళీ అన్నారు.

“మీ నాన్నగారు కూడా నా మొహం చూడలేక రోజూ ఏదో ఒకటి చెప్పి వెళ్తున్నారు. నేను అడిగితే మాట మార్చేస్తున్నారు. నువ్వు చెప్పమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పమని.”

ఇంటికొచ్చేసరికి నాన్న కాఫీ తాగుతున్నారు. ముందు చేప సంగతి చెప్పాను, తర్వాత తాత చెప్పమన్నది చెప్పాను. చిన్నపిల్లవి నీకెందుకని తిడతారనుకున్నాను. ఆయన కప్పు కింద పెట్టి దాని వంకే చూస్తూ, “కొంచెం వెయిట్ చేద్దామనుకున్నాను” అన్నారు.

“దేనికోసమండీ?” అంది అమ్మ.

నాన్న ఇంట్లో చెప్పులతోనే పక్కింటికి వెళ్ళారు. కిటికీలోంచి చూశాను. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. తాత తలూపుతూ విన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నది మా నాన్నే. మామ్మ మంచు పడేదాకా కూడా ఉండదని ఆ రోజు చెప్పారట.

ఆ తర్వాత అంతా మేలే జరిగిందని చెప్పాలని ఉంటుంది. జరగలేదు. తాత ఆ రోజే మామ్మకి చెప్పేశారు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, ఆయనతో కూడా. మూడో రోజు దూరాన ఉన్న చెల్లెలికి ఫోన్ చేయించి రమ్మంది. చెల్లెలు బస్సులు మారి వచ్చేసరికి మామ్మకి మాట పడిపోయింది. సెప్టెంబరు దాటలేదు. మరుసటి చలికాలం మిల్లు మూసేశారు. ఇళ్ళు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. ఆసుపత్రీ మూతపడ్డాక మేమూ ఆ ఊరు వదిలేశాం. తాత అక్కడే ఉండిపోయారు. రెండేళ్ళు క్రిస్మస్ కార్డు వచ్చింది, తర్వాత రాలేదు. ఏటిలో చేపలు కూడా పెద్దగా మిగల్లేదని విన్నాను.

ఆయన నేర్పింది మంచిదో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేను. నిజం తెలిసినందువల్ల మామ్మ ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదు. కానీ ఒక వారం ముందు చెప్పి ఉంటే ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ మాట్లాడుకునేవారన్న సంగతి మా నాన్నని చివరిదాకా వదల్లేదు. నన్నూ వదల్లేదు.

ఇప్పుడు నేనూ మా ఆయనా ఉండేది చాండ్లర్ అనే ఊళ్ళో. మా ఆయన జబ్బు ఎందాకా వచ్చిందో డాక్టర్ని పట్టుబట్టి అడిగి చెప్పించుకున్నాను. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదన్నారు. దూరాన కమ్మింగ్ అనే ఊళ్ళో ఉంటున్న మా అమ్మాయి రోజూ ఆఫీస్ అవ్వగానే ఫోన్ చేసి, “అమ్మా, డాక్టర్ ఏమన్నారు? నాన్న ఓకేనా?” అంటుంది. బాగానే ఉన్నారన్న మాట నోటిదాకా వస్తుంది. మింగేసి, ఆ రోజు ఆయన ఎంత తిన్నారో, టెస్టులో ఏం వచ్చిందో అలాగే చెప్తాను. నిన్న, వచ్చే నెల వస్తానంటే, అప్పటిదాకా ఆగొద్దు, రేపటికే టికెట్ బుక్ చేసుకోమన్నాను.  బాగైపోతారులే అని నేను సర్దిచెప్పలేదు. ఇద్దరం ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే ఉండిపోయాం.