గవ్వలు వేయకుండా తగలబెట్టిన ఊరు

తొంభైల మొదట్లో, నేను పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతుండగా, ఒక సీనియర్ మా కంప్యూటర్ గదికి ఒక ఫ్లాపీ తెచ్చాడు. వారానికి ఒక్క గంట మాకు కంప్యూటర్ దొరికేది. ఆ గంటలో ప్రోగ్రాములు రాస్తున్నట్టు నటిస్తూ అందరం ఆ ఫ్లాపీలోని ఆటే ఆడేవాళ్లం. ఆడేవాడు ఒక వీరుడు. ఉత్తరాన కోటలో ఒక మాంత్రికుడు ఉంటాడు. వాణ్ణి చంపకపోతే లోకం చీకటైపోతుందని, ఆలస్యం చేయవద్దని రాజు మొదట్లోనే హెచ్చరిస్తాడు. నేను కావాలనే ఆలస్యం చేసి చూశాను. మూడు వారాలు, అంటే మూడు గంటలు, అడవిలో కుందేళ్లను వేటాడుతూ, సంతలో కత్తులు మార్చుకుంటూ తిరిగాను. ఏమీ కాలేదు. మాంత్రికుడు తన కోటలో మర్యాదగా కూర్చుని నా కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

చూసిన ప్రతి యంత్రంలోనూ లోపాలు రాసిపెట్టుకోవడం నా అలవాటు. ఈ ఆటలో మూడు రాసుకున్నాను. ఒకటి, కత్తి ఎన్నిసార్లు వాడినా అరగదు. రెండు, వీరుడికి ఆకలి వేయదు. మూడు, మాంత్రికుడు ఎంతకాలమైనా ఆగుతాడు. మూడోదాని కింద రెండు గీతలు కొట్టాను.

కంప్యూటర్ మా ఇంట్లో కాదు గదా, షోలాపూర్‌లో మా భవాని పేట్ మొత్తంలో ఎవరింట్లోనూ ఉన్నట్టు నేను వినలేదు. అందుకని ఆటను కాగితం మీద కట్టాను. గ్రాఫ్ కాగితానికి మా దగ్గర కొదవ లేదు. మా సందు చివర చాదర్ల డిజైన్లు గీసి, వాటిని మగ్గానికెక్కించే జకార్డు అట్టలకు చిల్లులు కొట్టే దుకాణం ఉండేది. గీత తప్పి పారేసిన కాగితాలు తెచ్చుకుని, ఖాళీగా మిగిలిన భాగాలు కత్తిరించి అతికించేవాణ్ణి. ఒక గడి అంటే ఒక రోజు నడక. నింపిన గడి కొండ, ఖాళీ గడి నేల. కోటకు నలభై రెండు గదులు. ఒక్కొక్క గదికి ఒక నంబరు, ఆ నంబరు కింద అందులో ఏముందో వివరం. పాచికలకు బదులు అమ్మ పచ్చీసు గవ్వలు ఆరు తీసుకున్నాను. యుద్ధమైనా, వానైనా, సంతలో బేరమైనా గవ్వలు వేసే తేల్చాలి. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే ఏం జరగాలో పదకొండు పట్టికలు రాశాను. మూడో లోపాన్ని కూడా సరిచేశాను. నా రాజ్యంలో ఏడు దీపస్తంభాలు ఉంటాయి. ఆటగాడు ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, కొన్ని రోజులకొకటి చొప్పున అవి ఆరిపోతూ ఉంటాయి; ఏడూ ఆరితే లోకం చీకటే. ఈ సవరణ చూసుకుని నేను చాలా గర్వపడ్డాను.

ఆ ఆట ఆడినవాడు ఒక్కడే, మా బావ. మేనత్త కొడుకు, నాకన్నా రెండేళ్లు పెద్ద. వాళ్లది మాకు రెండు సందుల అవతల ఇల్లు. ముందు గదిలో రెండు పవర్‌లూమ్‌లు, వెనక గదిలో కాపురం. పదో తరగతిలో బావకు నాకన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ ఏడే మామకు ఊపిరి అందడం కష్టమైంది. దూది నుసి లోపల పేరుకుందన్నారు. మగ్గాల దగ్గర ఆయన నిలబడలేకపోతే బావ నిలబడ్డాడు. కొన్నాళ్లే అనుకున్నారు. నాలుగేళ్లయింది.

ఆ వానాకాలం బావకు ఐటీఐలో వైర్‌మన్ సీటు వచ్చింది. దరఖాస్తు నింపింది నేనే, ఉత్తరం వచ్చింది కూడా మా ఇంటికే. వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. ఉత్తరంతో పాటు ఒక ఫారం ఉంది. కింద ఎడమవైపు అభ్యర్థి సంతకం, కుడివైపు తండ్రి సంతకం. నెలాఖరు శనివారం లోపు ఇచ్చేయాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఎడమవైపు సంతకం బావ ఆ నిమిషమే పెట్టేశాడు. కుడివైపు సంతకానికి మామను అడగాలి. అడగడమంటే, నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడే మనిషిని మళ్లీ మగ్గాల ముందు నిలబడమనడమే. ఆ ఫారం జేబులో పెట్టుకుని బావ నాలుగు గురువారాలు నాతో ఆట ఆడాడు.

గురువారం మా వైపు మగ్గాలకు కరెంటు ఉండేది కాదు. ఆ రోజు పేట మొత్తానికి కొత్తగా చెవులు వచ్చినట్టుండేది. కుక్క దురద గోక్కున్నా వినిపించేది. నాకు కాలేజీ మధ్యాహ్నానికే అయిపోయేది. ఆగిన మగ్గాల మధ్య చాప వేసుకుని కూర్చునేవాళ్లం. గుమ్మంలో అత్త చేట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది.

మొదటి గురువారం నేను రాజు మాటలన్నీ చదివి పటం పరిచాను. బావ దాన్ని ఒక్క చూపులో చదివేశాడు.

"చద్దరు డిజైన్ లెక్కనే గీసినవ్ బామ్మర్దీ. ఏ గీత పట్టుకున్నా నడిమి పువ్వుకే పోతది."

మెచ్చుకున్నాడనుకున్నాను. మూడో గడిలో ఏటి ఒడ్డున ఒక ఊరు ఉంది. వీరుడు అక్కడ పిండి, తాడు కొనుక్కుని ముందుకు పోవాలి. మూడిళ్లు, ఒక పడవ. అంతకన్నా ఏమీ రాయలేదు.

"ఈ పడవెవనిది?" అన్నాడు బావ.

"ఒక ముసలోనిది."

"వానికి మనిషి కావాల్నా?"

"ఏంది?"

"తెడ్డెయ్యనీకి మనిషి కావాల్నా అని అడుగుతున్న. ముసలోడంటివి గద."

"నువ్వు వీరునివి బావా. రాజు కత్తిచ్చిండు."

"కత్తి అమ్ముత. ఎయ్ గవ్వలు."

వేశాను. ఐదు వెల్లకిలా పడ్డాయి. ముసలివాడు ఒప్పుకోక తప్పలేదు.

"ఏం రాజ్యాలు గెలిచిన్రు కొడుకా?" అని గుమ్మంలోంచి అత్త అడిగింది.

"రాజ్యం నక్కో అమ్మా, పడవ దొరికింది."

"మంచిగైంది. రేపు కారఖాన నుంచి బీడీ ఆకు దాంట్లనే ఏసుకరా."

రెండో గురువారం బావ పడవ నడిపాడు. మూడో గురువారం కూడా పడవే నడిపాడు. ఎక్కినవాళ్లందరినీ పలకరించేవాడు. మేకను తోలుకొచ్చిన ఒకామె ఎక్కితే, ఎక్కడికి పోతున్నదో, మేకను అమ్మడానికా, పెంచడానికా అని అడిగాడు. నా దగ్గర దానికి పట్టిక లేదు. అప్పటికప్పుడు పన్నెండో పట్టిక రాయాల్సి వచ్చింది. మామూలు రోజుల్లో మగ్గాల చప్పుడు మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన మనిషి, ఆ పడవలో మాత్రం మెల్లగా మాట్లాడేవాడు.

"మూడో దీపం ఆరింది బావా," అని హెచ్చరించాను.

"ఆరనీ. ఏరు ఎండిందా?"

"లేదు."

"బస్, చాలు. ఇంకెవలెక్కిన్రు?"

ఆ మూడో గురువారం లేచేటప్పుడు జేబు తడుముకుని, అత్తకు వినపడకుండా అన్నాడు. "ఈ వారం బాపుకు చెప్త రా. పడవోడు మంచిగనే బతుకుతున్నడు గద."

ఆ రెండు మాటలూ నేను విన్నాను. ఫారం సంగతి నాకు తెలుసు, ఆట సంగతీ తెలుసు. అయినా ఆ రెంటినీ కలిపి చూడలేదు. నా తల నిండా వేరే లెక్క ఉంది. రెండు నెలలు కూర్చుని గీసిన నలభై రెండు గదుల్లో బావ ఒక్కటి కూడా చూడలేదు. వీడు ఇట్లాగే తెడ్డు వేస్తూ కూర్చుంటే నా కథ ఏం కావాలి? తర్వాతి బుధవారం సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి నోట్‌బుక్కులో నాలుగు వాక్యాలు రాశాను. మర్నాడు, సీటు గడువుకు ముందరి చివరి గురువారం, వాటిని బావకు చదివి వినిపించాను. మాంత్రికుడి సేన ఏరు దాటి వచ్చింది. ఊరికి నిప్పు పెట్టింది. పడవ మునిగింది. వీరుడు ఒక్కడే బతికాడు.

బావ చాప మీద గవ్వల వైపు చూశాడు.

"గవ్వలెయ్యలే గద."

"దీనికి గవ్వలుండయి. ఇది కథ."

"ముసలోడు?"

"సచ్చిపోయిండు."

"మేకామె?"

"ఊరంత కాలింది బావా."

"నేనేం తప్పు చేసిన?"

"తప్పని కాదు. నువ్వు కోటకు పోలే. నువ్వు పోకుంటే కోటనే నీ తానకు వస్తది."

"అంటే నేను పడవెక్కిననాడే ఇది రాసి పెట్టినవా?"

"మొదటి నుంచే ఉన్నది," అన్నాను.

అబద్ధం. రాసి ఒక రోజు కూడా కాలేదు. కథ గట్టిగా కనిపించాలని అన్నాను, అంతకు మించి ఏ ఉద్దేశమూ లేదు.

బావ నవ్వాడు. "సరే పా. కోటకే పోదాం." ఆ తర్వాత గంటలో పదకొండు గదులు దాటాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. నేను వేయమన్నప్పుడు గవ్వలు వేశాడు, కొట్టమన్నవాణ్ణి కొట్టాడు. నాకు పట్టరాని సంతోషంగా ఉండింది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉన్నా, ఆ సంతోషం నిజం.

శనివారం గడిచిపోయింది. ఆదివారం పొద్దున వెళ్లి అడిగాను.

"ఏమైంది? మామ సంతకం పెట్టిండా?"

"అడగలే."

"ఎందుకు?"

"ఊకెనే," అని తెగిన పోగు ముడి వేయడానికి మగ్గం మీదికి వంగాడు. తర్వాత గురువారాల్లో ఆట కూడా అడగలేదు. నేనూ పిలవలేదు. పిలిస్తే వచ్చి ఆ మిగిలిన ముప్పై ఒక్క గదులూ మాట్లాడకుండా దాటుతాడేమోనని భయం వేసింది.

ఆరునెలల తర్వాత ఒక గురువారం మామ గుమ్మం దగ్గర ఎండకు కూర్చుని ఉన్నాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోమన్నాడు.

"కాయితం సంగతి నాకెర్కే రా. అంగీ ఉతకంగ మీ అత్త చూసింది. వాడు అడుగుతడని నేనూ ఎదురుచూసిన."

"అడిగితే పెట్టేటోనివా మామా, సంతకం?"

ఆయన జవాబుకు ముందు చాలాసార్లు ఊపిరి తీసుకున్నాడు. "ఏమో. అడగలే గద."

ఆ రోజు నుంచి నేను ఎన్ని రకాలుగా జాబితా వేసినా అది ఒక్కచోటే ఆగుతుంది. అడిగితే మామ ఒప్పుకునేవాడేమో. ఒప్పుకోకపోయేవాడేమో. ఒప్పుకుని మగ్గాల దగ్గర ఇంకా ముందే పోయేవాడేమో. వీటిలో ఏదో ఒకటి జరిగేది. దారి తప్పితే వెనక ఊరు కాలుతుందని నమ్మించి, నేను ఏదీ జరగకుండా చేశాను. ఆ తర్వాత రెండో చలికాలం మామ పోయాడు. ఎవరి కోసం బావ ఆగాడో ఆ మనిషే లేడు. అప్పటికి బావకు పెళ్లయి, ఒక పిల్ల. పాత మగ్గాలు తూకానికి పోయాయి. బావ ఊళ్లోనే నీలం నగర్‌లో ఒక సేటు మగ్గాల మీద కూలికి కుదిరాడు.

నాకు పుణెలో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో కుర్రాళ్లు పని అయ్యాక కొత్త ఆటలు ఆడేవారు. బొమ్మలు మెరుగయ్యాయి, కత్తులు అరుగుతున్నాయి, వీరుడికి ఆకలీ వేస్తోంది. మూడో లోపం మాత్రం అట్లాగే ఉంది. లోకం మునిగిపోతోందని రాజు ఏడుస్తాడు, వీరుడు చెరువు గట్టున చేపలు పడుతుంటాడు, మాంత్రికుడు ఆగుతాడు. దాని మీద వాళ్లు గంటలు గంటలు వాదించుకునేవారు. ఇట్లా ఎటుపడితే అటు తిరగనిస్తే ఇక కథకు విలువేముందని ఒకడు. తిరగనివ్వకపోతే పుస్తకం చదువుకోవచ్చు, ఆడటం ఎందుకని ఇంకొకడు. నన్ను అడిగితే నాకు తెలియదనేవాణ్ణి. ఆ ఆటలు చేసినవాళ్లు తెలియక ఆ లోపం వదలలేదని నాకు అప్పటికి అర్థమైంది. పని నుంచి వచ్చి ఒక గంట కూర్చునే మనిషికి వాళ్లు ఆ గంట వదిలిపెట్టారు. నాకు ఆ బుద్ధి లేకపోయింది.

తొంభైల చివర్లో మా ఆఫీసులో వైర్లు లాగే పనికి మనిషి కావాల్సి వచ్చింది. చదువు అక్కర్లేదు, వాళ్లే నేర్పిస్తారు. సెలవు పెట్టి షోలాపూర్ బస్సెక్కాను. సేటు మగ్గాల వెనక ఒక గదిలో బావ కాపురం. ఇద్దరు పిల్లలు. ఆయన భార్య, నేను అక్కా అని పిలుస్తాను, బీడీలు చుడుతూ మధ్యమధ్య దగ్గుతోంది. బావకు చెవులు సగం పోయాయి. మాట్లాడేవాళ్ల పెదవులు చూసి అర్థం చేసుకుంటున్నాడు.

పని సంగతి చెప్పాను. ఆయన ముఖం ఒక్కసారి మారింది.

"నిలబడి చేసుడా, కూసుండి చేసుడా?"

"రెండూ ఉంటయి."

"చప్పుడుంటదా?"

"ఉండదు బావా."

"అస్సలే?"

"అస్సలుండదు."

గట్టిగా నవ్వి భార్య వైపు తిరిగాడు. "ఇన్నవా? నీ తమ్ముడు నన్ను పుణె సాబ్‌ని చేస్తడట."

"పోరాదు మరి," అంది ఆమె. "ఈడ నువ్వు లేకుంటే ఆ సాంచ మగ్గాలు ఏడుస్తయా?"

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు ఆగాక బావ నా ఎదురుగా సరిగా కూర్చుని, నా పెదవుల మీద చూపు పెట్టాడు.

"నువ్వు సదువుకున్నోనివి. సక్కగ చెప్పు. నేను పోతే ఈడ ఏమైతది?"

ఏమీ కాదు, వచ్చెయ్ అనాలనే వచ్చాను. కానీ ఒకసారి ఈ మనిషికి అబద్ధం చెప్పి ఉన్నాను. లోపల లెక్క మొదలైంది. గది సేటుది, మగ్గం పని మానితే గది ఖాళీ చేయాలి. పుణెలో పని నేర్చుకునే ఆరునెలలు ఇచ్చేది ఒక్క మనిషి తిండికే సరిపోతుంది. అక్క దగ్గు రోజురోజుకూ ముదురుతోంది, బీడీలు ఎన్నాళ్లు చుడుతుందో తెలియదు. పెద్దపిల్ల బడి మధ్యలో ఉంది. వాళ్లను మా ఇంట్లో ఉంచుదామంటే అక్కడ ఇప్పటికే ఏడుగురం. ఒక్కొక్కటీ మళ్లీ వెనక్కి వెళ్లి చూశాను. ఎక్కడో ఒకచోట ఏదో వదిలేశానేమో, ఒక దారి ఉందేమో అనుకున్నాను. వదిలింది ఏదీ లేదు.

"చెప్పు," అన్నాడు బావ.

"ఇప్పుడు కుదరదు బావా."

ఆయనకు వినపడలేదేమో అనుకున్నాను. కానీ పెదవులు చూశాడు కదా.

"అదే నేనూ అనుకున్న," అన్నాడు. "చాయ్ తాగి పో."

తాగి వచ్చాను. వారం తర్వాత ఆ పనికి వేరే మనిషిని పెట్టుకున్నారు. వైర్లు లాగడం అతనికి నేనే నేర్పాను.