ఆమెన్ చెప్పకముందే నిద్ర

గద్వాల దిక్కు విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలలో పువ్వుకు ఆదివారం లేదు. సాయంత్రం మొగ్గలు విప్పి లోపలి పుప్పొడి కాడలు గిల్లేయాలి. తెల్లవారి మగ పువ్వు తెచ్చి వాటికి రాయాలి. ఒక్క పూట తప్పితే ఆ మొగ్గలన్నీ వృథా. "పువ్వులకు పెండ్లిండ్లు చేసి చేసి మా పాస్టరయ్యకు పని లేకుంట చేస్తున్న" అని నేనంటే తోటి కూలి ఆడవాళ్లు పడి పడి నవ్వేవారు.

ఆ ఏడాది మా ఆయన పునాదులు తవ్వే పనికి బొంబాయి పోయాడు. నేను చిన్నప్పుడే బడి మానేసినదాన్ని కాబట్టి ఇంట్లో బైబిలు చదవడం మా పిల్ల వంతు, ప్రార్థన నా వంతు. నేను ఆమెన్ అన్నాకే అన్నం. దాని తమ్ముడు, మా చిన్నోడు, కదలకుండా ఉండాలని నేనొక మాట కల్పించాను: "ఆమెన్ అనకముందు కండ్లు తెరిస్తే సైతాను కంచంల చెయ్యి వెడ్తడు."

ఒక రోజు పొద్దు గూకినాక చేను నుంచి వచ్చి, మంచం పట్టె మీద తల ఆనించి మోకరించాను. "పరలోకమందున్న తండ్రీ" వరకే గుర్తుంది. మెలకువ వచ్చేసరికి అన్నం చల్లబడింది. చిన్నోడు మోకాళ్ల మీదే ఒరిగి నిద్రపోయాడు. పిల్ల మాత్రం కళ్లు మూసుకునే ఉంది, ఒక చేయి తమ్ముడి కళ్లకు అడ్డం పెట్టి. నేను గబగబా ఆమెన్ అన్నాను. అది లేచి కంచాలు పెట్టింది.

ఆ ఆదివారం కూడా నేను చేనుకే పోయాను. మర్నాడు బోరింగు కాడ పాస్టరమ్మ నన్ను ఆపింది.

"నువ్వు గుడికి రాకున్నా ఇంట్ల శానాసేపు ప్రార్థన చేస్తవంట గద. మీ బిడ్డ అందరి ముందల సాక్ష్యం చెప్పింది."

నేను బిందె ఎత్తుకున్నాను. ఇంటికి పోయి పిల్లను కూర్చోబెట్టి చెప్పేశాను.

"నేను ప్రార్థన చేయలే బిడ్డా. పండుకున్న."

"తెల్సు. గుర్రు వెట్టినవ్."

"మరి లేపకపోతివి?"

"పొద్దుగాల్నే మల్ల పోవాలె గద నువ్వు."

"గుడిల అట్లెందుకు చెప్పినవ్?"

"మీ అమ్మ ఎందుకు రాలేదని అందరు అడుగుతుండ్రు. ఏం చెప్పాలె మరి?"

నా కోసం నా బిడ్డ దేవుని గుడిలో అబద్ధమాడింది. ఆకలితో మోకాళ్లు నొప్పి పుట్టేదాకా కూర్చున్నది కాక ఇది కూడా. ఆ సాయంత్రం ప్రార్థన నువ్వే చెయ్యమన్నాను. నాయన కోసం, తమ్ముడి కోసం అడిగింది. చివర, "మా అమ్మకు ఆదివారం సెలవియ్యి ప్రభువా" అన్నది.

అది చేను గల పటేలును అడగాల్సిన మాట. ఇంత నోరు పెట్టుకొని నేను ఆయనను ఒక్కసారీ అడగలేదు.

తెల్లవారి చేను గట్టు మీద అడిగాను. "పటేలా, వచ్చే ఆదివారం పొద్దుగాల నేను గుడికి పోత. నా సాలు పువ్వుల పని ఇంకొకరికి చెప్పు."

ఆయన నవ్వాడు. "నీకు ఎప్పుడు పరాచకాలే" అంటూ ముందుకు నడిచాడు.

నేను వెనకే పోయి మళ్లీ అడిగాను.